ముసవ్విర్ జంగ్ రాజా దీన్‌దయాళ్

నైజాం కాలపు హైదరాబాదును గూర్చి వెలువడిన ఏ గ్రంథాన్ని తెరిచినా, అందులోని పాత చిత్రాల వద్ద మన చూపు కొంతసేపు ఆగుతుంది. అంబారీలతో అలంకరించిన ఏనుగులు, ఫలక్‌నుమా సౌధంలోని మందిరాలు, గోల్కొండ గోరీల గుమ్మటాలు, చార్మినార్ చుట్టూ పరచుకొన్న వీధులు నూరేళ్ళకు పైబడిన కాలాన్ని దాటి వచ్చి మన ఎదుట నిలుస్తాయి. ఆ చిత్రాలను చూడనివారు అరుదు. వాటిలో అనేకం తీసిన వాని పేరు ఎరిగినవారు కూడా అరుదే. ఆయన రాజా దీన్‌దయాళ్. ఆరవ నిజాం నవాబు మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారులు. కొండలను, కోటలను, శిథిలాలయాలను, నగరాలను తగిన దూరంనుండి, తగిన ఎత్తునుండి పరికించి, చూచినదానిని గాజుపలకపై నిలిపి తరువాతి తరాలకు అప్పగించి వెళ్ళినవారు.

నేడు ఆకాశంలో ఎగిరే యంత్రాలనుండి తీసిన దృశ్యాలు మనకు వింత కావు. గోల్కొండను, చార్మినార్‌ను, మంజీర జలాశయాన్ని పక్షి చూచినట్లు చూపే చిత్రాలు ఇంటింటికీ వచ్చాయి. నేలమీది ప్రాచీన శిథిలాలను, నగరాలను పైనుండి చిత్రించే ఈ విద్యకు పూర్వరంగం ఒకటున్నది. విమానం పుట్టక ముందు, బరువైన కెమెరాతో మెట్లెక్కి, కొండలెక్కి పనిచేసిన వారి శ్రమ అందులో ఉన్నది. మన ప్రాంతానికి సంబంధించినంతవరకు ఆ శ్రమకు ప్రతినిధిగా చెప్పదగినవారు దీన్‌దయాళ్. ఆయన జీవితాన్ని విద్యార్థుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ద్వారా మేము చేయదలచిన పని.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనా పట్టణంలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. యౌవనంలో రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగు కళాశాలలో చదివారు. గంగా కాలువ నిర్మాణం జరుగుతున్న రోజులలో, 1847లో స్థాపితమైన విద్యాసంస్థ అది. భూమిని కొలవడం, కట్టడానికి పటం గీయడం, ఎంత రాయి ఎంత సున్నం కావలెనో లెక్క వేయడం అక్కడ నేర్పేవారు. 1866లో చదువు ముగించుకొని ఆయన ఇండోర్ సంస్థానానికి వెళ్ళి, అక్కడి మరామతు శాఖలో అంచనాలు వేసే ఉద్యోగిగా, పటాలు గీసే ఉద్యోగిగా కుదిరారు. ఈ విషయాన్ని మేము ప్రత్యేకంగా చెప్పడానికి కారణమున్నది. కట్టడాన్ని చూడగానే దాని పొడవు, వెడల్పు, ఎత్తు మనసులో అంచనా కట్టగల కన్ను ఆయనకు ఆ ఉద్యోగంలోనే అలవడింది. తరువాతి కాలంలో ఆయన చిత్రాలలో కనిపించే నిబ్బరానికి, సమతూకానికి మూలం ఆ శిక్షణలోనే ఉన్నదని మా అభిప్రాయం.

ముప్పదియేళ్ళ వయస్సులో, 1874లో, ఆయన కెమెరా చేతబట్టారు. మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ, ఇండోర్ మహారాజు తుకోజీరావు హోల్కర్ ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశ పర్యటనకు వచ్చినపుడు ఆ సందర్భాన్ని చిత్రించే అవకాశం దీన్‌దయాళ్‌కు లభించింది. ఉద్యోగం చేసుకొంటూనే ఈ కళను సాధన చేసి, కొద్ది సంవత్సరాలలోనే ఆయన పేరు పొందారు.

ఆనాటి ఛాయాచిత్రకళ ఎంత కష్టసాధ్యమో నేటి విద్యార్థులకు ఊహించడం కష్టం. శుభ్రం చేసిన గాజుపలకపై కలోడియన్ అనే జిగురు ద్రవాన్ని సమంగా పూయాలి. దానిని చీకటిలో వెండి నైట్రేటు ద్రావణంలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో అమర్చి చిత్రం తీయాలి. ఆ తడి ఆరకముందే మరల చీకటి గుడారంలోకి తీసుకొని వెళ్ళి రసాయనాలతో కడగాలి. ఇదంతా కొద్ది నిమిషాలలో జరిగిపోవాలి. ఎండ ఎక్కువైతే పూత త్వరగా ఆరిపోతుంది, గాలి వీస్తే దుమ్ము అంటుకొంటుంది, నీరు మంచిది కాకపోతే మచ్చలు పడతాయి. చిన్న పలకనుండి పెద్ద చిత్రం తీసే సౌకర్యం సామాన్యంగా లేనందున పలక ఎంత ఉంటే చిత్రమూ అంతే. అందుచేత పెద్ద చిత్రం కావలెనంటే పెద్ద పలక, పెద్ద కెమెరా, పెద్ద గుడారం వెంట ఉండాలి. కొండపై కోటను చిత్రించాలంటే ఈ సామానంతా కొండపైకి చేరాలి. 1880 ప్రాంతంలో ముందుగానే పూత పూసి ఆరబెట్టిన పలకలు వాడుకలోకి వచ్చి ఈ బాధ కొంత తగ్గింది. అయినా గాజు గాజే. దాని బరువు తగ్గలేదు, పగిలే గుణం పోలేదు.

ఇట్టి సామగ్రితో దీన్‌దయాళ్ 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతంలో పర్యటించారు. గ్వాలియర్ కోట, ఖజురాహో ఆలయాలు, సాంచీ స్తూపం మున్నగు ప్రాచీన కట్టడాలను చిత్రించారు. ఆ చిత్రాలతో మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాలను గూర్చిన గ్రంథం 1886లో గ్రిఫిన్ పేరిట వెలువడింది. ఆయన పద్ధతి ఎట్టిదో ఈ కాలపు చిత్రాలు చెప్పుతాయి. కట్టడానికి మరీ దగ్గరగా నిలిస్తే గోడలు వెనుకకు ఒరిగినట్లు కనిపిస్తాయి. మరీ దూరమైతే చెక్కడపు పని కనిపించదు. నేలమట్టంనుండి తీస్తే ముందున్న గోడ వెనుకనున్న గోపురాన్ని కప్పివేస్తుంది. ఎదురుగా ఉన్న మేడపైకో, గుట్టపైకో, కోట బురుజుపైకో చేరి కెమెరా నిలిపితే కట్టడపు అమరిక అంతా విప్పిచెప్పినట్లు తెలుస్తుంది. ఎండ ఏటవాలుగా పడే వేళ చూచుకొంటే శిల్పాల నీడలు చక్కగా తేలుతాయి. చోటు, ఎత్తు, వెలుగు అనే మూడింటిని ఎన్నుకోవడమే ఛాయాచిత్రకారుని ప్రతిభ. ఆయన చిత్రాలలో అక్కడక్కడ ఒక మనిషి కదలక నిలిచి ఉంటాడు. ఆ మనిషి ఎత్తుతో పోల్చి చూస్తే కట్టడపు పరిమాణం మనకు తెలుస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. ఆకాశంనుండి నేలను చిత్రించాలనే కోరిక అప్పటికే పుట్టింది. 1858లో ఫ్రాన్సు దేశస్థుడైన నడార్ బెలూను ఎక్కి పారిస్ సమీపంలోని గ్రామాన్ని చిత్రించాడు. 1860లో అమెరికాలో బోస్టన్ నగరాన్ని జేమ్స్ వాలెస్ బ్లాక్ బెలూనునుండి చిత్రించాడు. దీన్‌దయాళ్‌కు అట్టి సాధనాలు లేవు. ఆయనకు ఉన్నవి కొండలు, బురుజులు, మీనారులు. దక్కనులో వాటికి కొదువ లేదు.

1885లో ఆయన వైస్రాయి లార్డ్ డఫ్రిన్‌కు ఛాయాచిత్రకారులుగా నియమితులైనారు. ఆ దశకంలోనే ప్రభుత్వోద్యోగం వదలి, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, హైదరాబాదు రాజ్యాన్ని తమ కార్యక్షేత్రంగా చేసుకొన్నారు. నిజాం నవాబు ఆయన పనిని మెచ్చి ఆస్థానంలో చేర్చుకొన్నారు. 1894లో రాజా అనే గౌరవంతోబాటు ముసవ్విర్ జంగ్ బహదూర్ అనే బిరుదునూ ప్రసాదించారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. జంగ్ అంటే యుద్ధం. ఆసఫ్‌జాహీ ప్రభువులు ఉమరావులకు ఇచ్చే బిరుదులలో జంగ్ అనే పదం పరిపాటి. అహింసను పరమధర్మంగా పాటించే జైన కుటుంబంలో పుట్టిన దీన్‌దయాళ్‌ను ఆ పదం ఈ విధంగా వరించింది. స్వయంగా కవియైన నిజాం ఆయన చిత్రకళను ప్రశంసిస్తూ ఉర్దూలో పద్యం కూడా చెప్పారు. మతం, మాతృభూమి ఏదని చూడక ప్రతిభకు పీట వేసిన ఆనాటి హైదరాబాదు సంస్కృతికి ఇది ఒక నిదర్శనం.

స్టూడియో దినదినాభివృద్ధి చెందింది. 1892లో హైదరాబాదులో కేవలం స్త్రీల కోసం ఒక స్టూడియో తెరిచారు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు నిస్సంకోచంగా రావడానికి వీలుగా దాని నిర్వహణను ఒక ఆంగ్ల వనితకు అప్పగించారు. లోపల చిత్రాలు తీసేది కూడా స్త్రీలే. ఆ కాలంలో ఇది సాహసమైన ఆలోచన. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు గుర్తింపు లభించింది. 1896లో బొంబాయిలో మరొక శాఖ వెలసింది. 1897లో విక్టోరియా మహారాణికి ఛాయాచిత్రకారులుగా నియామకపత్రం అందింది. కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ తండ్రికి చేదోడుగా నిలిచారు.

దర్బారులు, విందులు, వేటలు, అతిథుల రాకపోకలు చిత్రించడం ఆస్థాన ధర్మం. దీన్‌దయాళ్ దానిని నిర్వర్తించారు. మా దృష్టిలో అంతకు మించి విలువైనది, నిజాం రాజ్యంలోని స్థలాలను ఆయన చిత్రించిన తీరు. గోల్కొండ, గుల్బర్గా, బీదరు, దౌలతాబాదు, ఎల్లోరా ఆ కాలంలో ఒకే రాజ్యంలో ఉండేవి. నేడవి మూడు రాష్ట్రాలలో ఉన్నాయి. వాటి శిథిలాలను, కోటలను, సమాధులను ఆయన కెమెరా ఒకదాని తరువాత ఒకటిగా దర్శించింది. చెట్లు మొలచిన గోడలు, కూలిన కప్పులు ఉన్నవి ఉన్నట్లుగా అందులో నిలిచాయి. నైజాం రాజ్యంలో పురావస్తు శాఖ ఏర్పడింది 1914లో. అంతకు ముప్పది ఏళ్ళకు ముందటి స్థితి ఏమిటో తెలియాలంటే ఇట్టి చిత్రాలే ఆధారం. చిత్రాలకు సంఖ్యలు, పేర్లు వేసే అలవాటు ఆయన సంస్థలో ఉండేది. అందుచేత ఏ చిత్రం ఏ స్థలానిదో తెలుసుకొనడం ఈనాటి పరిశోధకులకు సులభమైనది.

1899-1900లో దక్కను ప్రాంతం ఘోరమైన కరవుకు గురియైనది. ఆ కాలంలో నైజాం రాజ్యంలో జరిగిన సహాయ కార్యక్రమాలను కూడా దీన్‌దయాళ్ సంస్థ చిత్రించింది. సౌధాలలోని దీపాలను చూపిన చేయే రాళ్ళు మోసే బక్కచిక్కిన కూలీలను కూడా చూపింది. ఈ చిత్రాలు ప్రభుత్వం చేసిన మేలును చాటడానికి తీయించినవే కావచ్చు. కాని చూచేవారికి ఆ మేలు ఎవరికి అవసరమయినదో ఆ మనుషులే ముందుగా కనిపిస్తారు.

ఆయనలో లోపమనదగినది లేకపోలేదు. ప్రభువుల కొలువులో ఉన్నవాడు ప్రభువులు చూపదలచినదానినే ఎక్కువగా చూపుతాడు. సామాన్యుల ఇండ్లు, చేనేతగాండ్ర మగ్గాలు, రైతుల చేలు ఆ చిత్రాలలో తక్కువ. నవాబుల పేర్లు చిత్రాల క్రింద ఉన్నవి. కట్టడం ప్రక్కన కొలబద్దవలె నిలబెట్టిన మనిషి పేరు లేదు. ఇది ఆ యుగపు లోపం కూడా. దీనిని గుర్తించడంవల్ల ఆయన గొప్పతనం తగ్గదు. మిగిలిన పని ఎవరిదో మాత్రం మనకు తెలుస్తుంది.

ఆయన చివరి దినాలు దుఃఖంతో గడిచాయి. 1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించారు. మరుసటి సంవత్సరం, 1905 జూలై 5న దీన్‌దయాళ్ కన్నుమూశారు. సంస్థను జ్ఞాన్‌చంద్ కొనసాగించినా పూర్వవైభవం నిలువలేదు.

ఆయన మరణించిన మూడేళ్ళకు, 1908 సెప్టెంబరు 28న, మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలాది ప్రాణాలు పోయాయి. నది ఒడ్డున ఉన్న పేటలు ఎన్నో నామరూపాలు లేకుండా పోయాయి. తరువాత నగర పునర్నిర్మాణం జరిగింది. వరదల నివారణకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వెలిశాయి. నగరపు రూపురేఖలు మారినవి. వరదకు పూర్వపు హైదరాబాదు ఎట్లుండెనో చెప్పడానికి మిగిలిన కొద్ది సాక్ష్యాలలో దీన్‌దయాళ్ చిత్రాలు ముఖ్యమైనవి. ఆ చిత్రాలను తీసేటపుడు ఆ నగరం పోతుందని ఆయన అనుకొని ఉండరు. ఉన్నదానిని శ్రద్ధగా చిత్రించారు. పోయిన తరువాత ఆ శ్రద్ధ చరిత్రయైనది.

ఆయన కన్నుమూయడానికి రెండేళ్ళ ముందే, 1903 డిసెంబరులో, రైట్ సోదరులు అమెరికాలో విమానాన్ని ఎగురవేశారు. మరణించిన మరుసటి ఏడే, 1906లో, ఇంగ్లాండులోని స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన శిలావలయాన్ని ఒక సైనికోద్యోగి బెలూనునుండి చిత్రించాడు. 1909లో విల్బర్ రైట్ రోమ్ నగర సమీపంలో విమానం నడిపినపుడు అందులోనుండి చలనచిత్రం తీశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యాలకు పనికివచ్చిన ఈ విద్యను ఆ తరువాత ఓ. జి. ఎస్. క్రాఫర్డ్ మొదలగువారు పురాతత్త్వ పరిశోధనకు మళ్ళించారు. అందులోని రహస్యం రైతుబిడ్డలకు సులభంగా బోధపడుతుంది. భూమిలో పాత గోడ ఉన్నచోట మట్టి పలుచన, కనుక పైన పైరు త్వరగా పండుబారుతుంది. పాత కందకం పూడినచోట మట్టి లోతు, తేమ ఎక్కువ, కనుక పైరు పచ్చగా ఏపుగా ఉంటుంది. గట్టుపై నిలిచినవానికి అవి విడివిడి మచ్చలు. ఆకాశంనుండి చూచేవానికి అవి ఒక కోట గోడలు, ఒక ఊరి వీధులు. దీన్‌దయాళ్ బురుజుపైకి ఎక్కి చేసిన పనినే ఈ శాస్త్రం మేఘాల ఎత్తునుండి చేసింది.

ఆ విద్యకు మన దేశంలో ప్రధాన స్థానం హైదరాబాదు కావడం గమనింపదగినది. 1974లో ఇక్కడ జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడింది. విమానాలనుండి, ఆపైన ఉపగ్రహాలనుండి తీసిన చిత్రాలతో దేశంలోని నేలను, నీటిని, పంటలను, అడవులను లెక్కించే పని చేపట్టింది. 2008లో అది భారత అంతరిక్ష పరిశోధన సంస్థలో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంగా చేరింది. దాని కార్యాలయమున్న బాలానగర్ మన పటాన్‌చెరుకు ఎంతో దూరం కాదు.

దీన్‌దయాళ్ తీసిన గాజుపలకలు వేలకొలదిగా ఉండేవి. అమ్ముడైనవి, పగిలినవి, పోయినవి పోగా, 2,857 పలకలను 1989లో న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించి భద్రపరచింది. 2006లో తపాలా శాఖ ఆయన స్మృత్యర్థం స్టాంపు వెలువరించింది. ఒక వ్యక్తి జీవితకాలపు పని ఇంతమాత్రమైనా మిగిలినందుకు సంతోషించాలి. మిగలనిదాని విషయంలో జాగ్రత్త నేర్చుకోవాలి.

ఈ సందర్భంలో మన ప్రాంతాన్ని గూర్చి రెండు మాటలు విన్నవించుకొంటాము. సంగారెడ్డికి చేరువలోని కొండాపురంలో కోటగడ్డ అనే దిబ్బ ఉన్నది. 1940-42 సంవత్సరాలలో జనాబ్ గులాం యజ్దానీ ఆధ్వర్యంలో నైజాం పురావస్తు శాఖ అక్కడ త్రవ్వకాలు జరిపి శాతవాహనుల కాలపు పట్టణాన్ని వెలికితీసింది. నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు అక్కడి ప్రదర్శనశాలలో నేటికీ ఉన్నాయి. పటాన్‌చెరు కూడా ప్రాచీన స్థలమే. అక్కడ జైన శిల్పాలు లభించాయి. 1970లనుండి ఆ నేలపైనే పారిశ్రామికవాడ పెరిగింది. కర్మాగారాలు వేలమందికి అన్నం పెట్టాయి. చెరువులు, కుంటలు, వాగులు దానికి మూల్యం చెల్లించాయి. నక్కవాగు పరీవాహకంలోని నీటి కాలుష్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన వ్యవహారం. కర్మాగారాలు రాకముందు ఆ వాగు ఎట్లుండెనో, ఆ చెరువు కట్టపై ఏ చెట్లు ఉండెనో చూపే చిత్రాలు మన ఇండ్లలో ఎన్ని దొరుకుతాయి? ఊరి పెద్దలు చెప్పగలరు. వారి తరువాత ఎవరు చెప్పగలరు?

దీన్‌దయాళ్‌కు గుడారం, గాజుపలకలు, కూలీలు కావలసివచ్చినవి. నేటి విద్యార్థి జేబులోనే కెమెరా ఉన్నది. అతనికి కావలసినవి ఆయనకున్న శ్రద్ధ, క్రమశిక్షణ. ఊరి పాత బురుజును, మసీదు మీనారును, గుడి మంటపాన్ని, చెరువు తూమును అనుమతి అవసరమైనచోట అనుమతి పొంది చిత్రించాలి. మేడపైనుండో గుట్టపైనుండో ఊరంతా కనిపించేటట్లు ఒక చిత్రం తీయాలి. స్థలం పేరు, తేదీ, ఏ దిక్కునుండి తీసినదీ వ్రాసిపెట్టాలి. ప్రక్కన నిలిచిన మనిషి పేరు కూడా వ్రాయాలి. పై సంవత్సరం అదే చోటినుండి మరల తీయాలి. అట్టి చిత్రాల కోసం గ్రంథాలయంలో ఒక బీరువాను ప్రత్యేకించవలసినదిగా కళాశాల కార్యవర్గానికి వినయపూర్వకంగా మనవి చేస్తున్నాము. తెలుగు చదివే విద్యార్థులు, ఉర్దూ చదివే విద్యార్థులు కలసి ఆ చిత్రాల క్రింద రెండు భాషలలోనూ వివరాలు వ్రాస్తే, ముసవ్విర్ జంగ్ అనే బిరుదుకు అర్థం తెలిసిన కళాశాల ఇదని రేపటివారు చెప్పుకొంటారు.